కొత్త ఎలక్ట్రానిక్ డ్రమ్ములు - బిగించుట, సరిచేయుట



వేసవి సెలవులు అయి మనం తిరిగి వచ్చేసరికి లైబ్రరీ గది పక్కన రెండు పెద్ద అట్టపెట్టెలు ఉన్నాయి కదా. వాటిలో టీవీ ఉందని కొందరు, కుట్టుమిషను ఉందని కొందరు అనుకున్నారు. వచ్చింది ఎలక్ట్రానిక్ డ్రమ్ సెట్టు. మన హాస్టల్లోనే ఉండి చదువుకుని ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న ఒక అక్క దాన్ని మనకోసం పంపించారు. సైన్సు మాస్టారు, మేము తొమ్మిదో తరగతి వాళ్ళం నలుగురం కలిసి బిగించాం.

బిగించిన మొదటి వారం అది సరిగా పలకలేదు. ఒక దెబ్బ కొడితే రెండు వినిపించేవి. కాలితో పెద్ద డ్రమ్ము తొక్కితే ఎవరూ ముట్టుకోని తాళం దానంతట అది "చయ్" మనేది. మెల్లగా కొడితే అసలు పలికేది కాదు. అందువల్ల "ఇది చెడిపోయిన సామాను, ఇంకో స్కూలుకి ఇచ్చేస్తే పోలేదా" అన్న మాట పుట్టింది. ఆ మాట ఇంకా పూర్తిగా పోలేదు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి అది పలికితే ఉంటాది, పలకకపోతే వెళ్ళిపోతాది అని పెద్దవాళ్ళు అనుకుంటున్నట్టు నాకు తెలిసింది. కావున తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. కొత్త డప్పు కూడా తెచ్చిన రోజే పలకదు. దాన్ని కాయాలి, లాగాలి, చూసుకోవాలి. దీనికీ అలాగే పని ఉంది. కాకపోతే మంటకి బదులు అంకెలు ఉన్నాయి.

ముందుగా ఇది ఎలా మోగుతుందో తెలియాలి. అది తెలియకపోతే ఏ అంకె ఎందుకు మార్చాలో తెలియదు.

డప్పులో చర్మం ఊగితే గాలి ఊగుతుంది, మనకి శబ్దం వస్తుంది. ఈ డ్రమ్ములో అలా కాదు. దీని ప్యాడ్ మీద కొడితే మామూలుగా వచ్చేది టప్ మనే చిన్న చప్పుడే. ప్యాడ్ కింద రూపాయి బిళ్ళ కన్నా కొంచెం పెద్దదిగా ఒక పలుచని ఇత్తడి బిళ్ళ ఉంటాది. దాని మీద తెల్లని పింగాణీ లాంటి పూత ఉంటాది. ఆ పూత అదిరితే దానిలో కరెంటు పుడుతుంది. దీన్ని పీజో బిళ్ళ అంటారు. మన వంటగదిలో గ్యాసు పొయ్యి వెలిగించే లైటరు ఉంది కదా, టక్కున నొక్కితే నిప్పురవ్వ వస్తాది, దాని లోపల బ్యాటరీ లేదు. ఒక చిన్న సుత్తి పీజో ముక్క మీద పడుతుంది, అంతే. లైటరులో వేల వోల్టులు పుడతాయి కాబట్టి నిప్పురవ్వ ఎగురుతుంది. డ్రమ్ము ప్యాడులో పుట్టేది చాలా తక్కువ, చెయ్యి పెట్టినా ఏమీ కాదు. కొన్ని పదార్థాలను నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనిపెట్టారు. ఈ పియరీ క్యూరీ మనం పాఠంలో చదివిన మేడం క్యూరీ గారి భర్త.

ఆ కొంచెం కరెంటు వైరు గుండా ఒక చిన్న పెట్టెకి వెళుతుంది. ఆ పెట్టెని మాడ్యూల్ అంటారు. సెట్టుకి బుర్ర అదే. "స్నేర్ ప్యాడ్ మీద దెబ్బ పడింది, ఇంత గట్టిగా పడింది" అని అది లెక్క కడుతుంది. లెక్క కట్టి, తన లోపల దాచి ఉన్న అసలు డ్రమ్ము శబ్దాన్ని అంత గట్టిగా బయటికి పంపిస్తుంది. ఈ గట్టిదనానికి 1 నుంచి 127 వరకు అంకెలు ఉంటాయి. 1983లో మిడి అనే పద్ధతి వచ్చినప్పటి నుంచి వేరు వేరు కంపెనీల వాయిద్యాలు కూడా ఇదే లెక్క వాడుతున్నాయి. అందుచేత 20 అంటే మెల్లగా, 120 అంటే బాదేసినట్టు అన్నమాట.

జాతరలో ఆర్కెస్ట్రా వాళ్ళు నిలబడి కర్రలతో వాయించే పలక లాంటి ప్యాడు మీరు చూసే ఉంటారు. అది దీనికి అక్క వరస. అలాంటి ఆక్టాప్యాడ్‌ను జపాన్ దేశపు రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చింది. అంతకు ముందు 1981లో ఇంగ్లాండులో సిమన్స్ కంపెనీ ఆరు మూలల ప్యాడులు తెచ్చింది. అవి బాగా గట్టిగా ఉండి వాయించేవాళ్ళ మణికట్లు నొప్పెట్టేవట. 1997లో రోలాండ్ వాళ్ళు వల లాంటి గుడ్డ బిగించిన ప్యాడులు తెచ్చారు. మన సెట్టులో ఉన్నవి కూడా వల ప్యాడులే. ముట్టుకుంటే దోమతెర రెండు మడతలు వేసి బిగించినట్టు ఉంటాది. కర్ర దాని మీద పడి తిరిగి ఎగురుతుంది.

ఇక బిగించడం గూర్చి.

మన సెట్టులో వల ప్యాడులు నాలుగు, కాలితో తొక్కే కిక్ ప్యాడు ఒకటి, రబ్బరు తాళాలు మూడు (హైహ్యాట్, క్రాష్, రైడ్), పెడల్స్ రెండు, ఇనుప స్టాండు, మాడ్యూల్, వైర్ల కట్ట ఉన్నాయి. మొదట నేల చూసుకోవాలి. నున్నటి గచ్చు మీద పెడితే తొక్కినప్పుడల్లా కిక్ ప్యాడు ముందుకి జారిపోతాది. మేము ముందు జంపఖానా పరిచాం, దాని కింద రెండు గోనె సంచులు వేశాం. స్టాండు నిలబెట్టి బోల్టులు అన్నీ సగం సగం బిగించి, కాళ్ళు నాలుగూ నేలకి ఆనాయో లేదో చూసి, అప్పుడు గట్టిగా బిగించాలి. ఒక బోల్టుని ముందే పూర్తిగా బిగించేస్తే స్టాండు ఒక పక్కకి వంగిపోతాది. వైర్లు కలపడం తేలికే, ప్రతి వైరు కొసన పేరు రాసి ఉంటాది. చూసి పెట్టుకోవడమే.

అసలు కష్టం ఎత్తు దగ్గర ఉంది. బొమ్మల పుస్తకంలో కూర్చున్న మనిషి ఆరడుగులు ఉన్నాడు. మనలో ఎవరున్నారు ఆరడుగులు? ఆ బొమ్మ ప్రకారం పెడితే ఏడో తరగతి చెల్లి చేతులు పైకెత్తి మామిడికాయలు కోస్తున్నట్టు వాయించింది. పది నిమిషాలకే భుజాలు నొప్పి అన్నది. కాబట్టి బొమ్మని పక్కన పెట్టి మనిషిని బట్టి పెట్టాలి. వరస ఇది. ముందు స్టూలు. కూర్చుంటే తొడలు మోకాళ్ళ వైపు కొంచెం పల్లంగా ఉండాలి, రెండు పాదాలూ పెడల్స్ మీద పూర్తిగా ఆనాలి. తరువాత స్నేర్. అది రెండు మోకాళ్ళ మధ్య, తొడ కన్నా కొంచెం పైన ఉండాలి. మోచేతులు ఒంటికి దగ్గరగా వదిలేసి కర్రలు చాస్తే కర్ర కొస ప్యాడు మధ్యలో పడాలి. మిగిలినవన్నీ స్నేర్‌ని చూసి పెట్టుకోవాలి. పైనున్న ప్యాడులు మన వైపు మరీ నిటారుగా వంచకూడదు, వంచితే కర్ర మొన వలకి గుచ్చుకుంటాది. తాళాల మీది మరని పూర్తిగా బిగించకూడదు. అవి కొంచెం ఊగాలి.

ఎడమ చేతివాటం వాళ్ళు మన తరగతిలో ఇద్దరు ఉన్నారు. రాసేటప్పుడు "ఆ చెయ్యి మార్చు" అని వాళ్ళని చాలాసార్లు అన్నారు పాపం. ఇక్కడ చెయ్యి మార్చుకోనవసరం లేదు. హైహ్యాట్‌ని కుడి పక్కకి, రైడ్‌ని ఎడమ పక్కకి, పెడల్స్‌ని అటూ ఇటూ మారిస్తే చాలు. వైరు పేరు ఏదో శబ్దం అదే కాబట్టి మాడ్యూల్ ఏమీ గొడవ పెట్టదు.

వల బిగించడం చాలా ముఖ్యం. అంచు చుట్టూ మరలు ఉంటాయి, వాటికి చిన్న తాళం చెవి ఇచ్చారు. పక్క పక్క మరలు వరసగా బిగించుకుంటూ పోతే వల ఒకవైపు లాగినట్టు అవుతుంది. ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది బిగించాలి. లారీ చక్రానికి నట్లు బిగించేవాళ్ళు కూడా ఇలాగే చేస్తారు. వేలితో మధ్యలో నొక్కితే కొంచెం దిగి, వెంటనే పైకి రావాలి. వదులుగా ఉంటే కర్ర కింద బిళ్ళకి తగిలి ఒక్కసారిగా పేలినట్టు శబ్దం వస్తాది. బిగువు ఎక్కువైతే వల అదిరి అదిరి ఒక దెబ్బ రెండు అవుతుంది.

సెలవులకి వెళ్ళినప్పుడు ఈ సంగతి మా చిన్నాన్నతో చెప్పాను. మా ఊళ్ళో ధింసాకి డప్పు ఆయనే వాయిస్తాడు. "మంటకాడ ఎట్టి చూసేరేటి?" అని మా భాషలో అడిగాడు. వానాకాలం చర్మం నెమ్ము పట్టి వదులైపోతాది, మంటకి కాస్తే తడి పోయి బిగుస్తుంది, అప్పుడు ఖంగుమంటాది. తుడుము కూడా అంతే. ఈ వలకి నెమ్ముతో పని లేదు, ఎందుకంటే ఇది ప్లాస్టిక్ దారం. ముసురు పట్టిన రోజైనా ఒకేలా ఉంటాది. మంట దగ్గర పెడితే మాత్రం ముద్దైపోతుంది. దయచేసి ఎవరూ ప్రయత్నించవద్దు. చిన్నాన్న నమ్మలేదు. "కాయకుండా పలికే డప్పు డప్పేటి" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది అనిపించింది. ఎందుకంటే అంకెలతో కాసే వరకు ఇదీ పలకలేదు.

ఆ అంకెల సంగతి ఇప్పుడు చెబుతాను. మాడ్యూల్‌లో ఒక్కో ప్యాడుకి వేరుగా నాలుగు సంగతులు మార్చవచ్చు. పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి కాని సంగతి తేలిక.

మొదటిది సెన్సిటివిటీ. అంటే ప్యాడు చెవి ఎంత చురుకు అని. తక్కువ పెడితే ఎంత బాదినా మెల్లగానే పలుకుతుంది. చాలా ఎక్కువ పెడితే మామూలు దెబ్బకే 127 అయిపోతుంది, ఇక గట్టి దెబ్బకీ మెత్తని దెబ్బకీ తేడా ఉండదు. మన సెట్టు పెద్దవాళ్ళ చేతి బలానికి పెట్టి వచ్చింది. అందుకే చిన్న పిల్లలు కొడితే "పలకడం లేదు" అనిపించింది. మేము సెన్సిటివిటీ కొంచెం కొంచెం పెంచుతూ, ఒకమ్మాయి మామూలుగా కొడితే సగం అంకె దాటేటట్టు, బాగా గట్టిగా కొడితేనే పై అంకె వచ్చేటట్టు పెట్టాం. పెద్దగొంతు వాళ్ళకీ చిన్నగొంతు వాళ్ళకీ ఒకే మైకు పెట్టేటప్పుడు ప్రార్థనలో ఏం చేస్తామో ఇదీ అదే.

రెండోది థ్రెషోల్డ్. దీనికి నేను గడప అని పేరు పెట్టాను. గడప కన్నా చిన్న దెబ్బ లోపలికి రాదు. గడప ఎత్తు ఎక్కువైతే మెత్తని దెబ్బలు బయటే ఉండిపోతాయి. మరీ తక్కువైతే పక్కన ఎవరో నడిచినా, కిటికీ తలుపు కొట్టుకున్నా మోగుతుంది. పద్ధతి ఏమిటంటే, ముందు గడపని బాగా దించాలి. ఏమీ ముట్టుకోకుండానే మోగడం మొదలైతే అక్కడి నుంచి ఒక్కొక్క అంకె పెంచాలి. మోగడం ఆగిన చోట ఆపేయాలి. ఇంకా పెంచకూడదు.

మూడోది క్రాస్‌టాక్. కిక్ తొక్కితే తాళం మోగడం ఇదే జబ్బు. అన్నీ ఒకే ఇనుప స్టాండుకి ఉన్నాయి కాబట్టి ఒకదాని అదురు ఇనుము గుండా ఇంకోదానికి పోతుంది. మాడ్యూల్‌లో క్రాస్‌టాక్ అంకె పెంచితే "పక్కది మోగిన క్షణంలో నువ్వు ఊరుకో" అని చెప్పినట్టు. కాని అంకె ముట్టుకునే ముందు బోల్టులు చూడాలి. మన దాంట్లో క్రాష్ తాళం కొమ్మ వదులుగా ఉంది, పైగా దాని వైరు కిక్ స్టాండుకి రాసుకుంటూ ఉంది. బోల్టు బిగించి వైరుని విడిగా కట్టేసరికి జబ్బు ముప్పాతిక వంతు పోయింది. మిగిలిన పాతికకే అంకె వాడాం. అంకె ఎక్కువ వాడితే, నిజంగా కిక్కూ తాళమూ కలిపి కొట్టినప్పుడు కూడా తాళం ఊరుకుంటాది.

నాలుగోది రీట్రిగర్. ఒకటి కొడితే రెండు పలికే జబ్బుకి ఇది మందు. ఒక దెబ్బ పడ్డాక కొన్ని మిల్లీ సెకన్ల వరకు ఇంకోటి లెక్క పెట్టవద్దని దీని అర్థం. మిల్లీ సెకను అంటే సెకనులో వెయ్యో వంతు. మరీ ఎక్కువ పెడితే చకచకా కొట్టే దెబ్బల్ని కూడా మింగేస్తుంది. ఇక్కడ కూడా ముందు వల బిగువు చూసి తరువాతే అంకె మార్చాలి. కిక్ పెడల్‌ని తొక్కి అలాగే నొక్కి ఉంచితే సుత్తి వణికి రెండు దెబ్బలు వస్తాయి. అప్పుడు మార్చుకోవలసింది కాలు, అంకె కాదు.

హైహ్యాట్ పెడల్ గూర్చి ఒక ముక్క. స్విచ్చి వేసేటప్పుడు ఆ పెడల్ మీద కాలు ఉంచకూడదు. మన మాడ్యూల్ స్విచ్చి వేసిన క్షణంలో పెడల్ ఎక్కడుందో చూసి అదే "తెరిచి ఉన్నది" అనుకుంటుంది. కాలు ఉంటే ఇక ఆ రోజంతా తప్పుడు లెక్కే.

అన్నీ సరిచేశాక పరీక్ష ఇలా చేయాలి. ఎనిమిది లెక్కపెట్టాలి. కుడిచేత్తో హైహ్యాట్ ఎనిమిదిసార్లూ కొట్టాలి. కిక్ ఒకటికీ అయిదుకీ. స్నేర్ మూడుకీ ఏడుకీ. సినిమా పాటల్లో సగం పాటలు ఈ దెబ్బ మీదే నడుస్తాయి. ముందు చాలా మెల్లగా, తరువాత గట్టిగా కొట్టి చూడాలి. మెల్లగా కొట్టినప్పుడు ఏ దెబ్బా పోకూడదు, గట్టిగా కొట్టినప్పుడు ఏ దెబ్బా ఎక్కువ రాకూడదు. పోయిన శనివారం మేము వందసార్లు లెక్కపెట్టి కొట్టాం. ఒక్కటి పోలేదు, ఒక్కటి ఎక్కువ రాలేదు. మాస్టారు పక్కనే కూర్చుని వేళ్ళు మడిచి లెక్కపెట్టారు.

ధింసా దెబ్బ దీని మీద వస్తుందా అని చాలామంది అడిగారు. లోపల డప్పు శబ్దం లేదు, తుడుము లేదు. పెద్ద టామ్ శబ్దాన్ని పిచ్ బాగా దించి, సాగే భాగం తగ్గిస్తే తుడుముకి దగ్గరగా వచ్చింది. స్నేర్ కింది తీగల శబ్దం తగ్గించి పిచ్ పెంచితే డప్పులా ఉంది కాని డప్పు కాదు. డప్పుకి రెండు కర్రలు రెండు రకాలు, లావు కర్ర ఒక మాట అంటే సన్న పుల్ల ఇంకో మాట అంటుంది. ఆ తేడా దీనిలో నాకు దొరకలేదు. కాబట్టి ఆగస్టు 9న నిజం డప్పులు కూడా ఉండాలని నా అభిప్రాయం. వాటికి పక్కన ఇది ఉంటే చాలు.

ఇంకో సంగతి కూడా రాస్తాను. మా ఊళ్ళో చైత్రమాసం పండుగకి ఆడవాళ్ళు నడుములు పట్టుకుని వరసగా ధింసా ఆడతారు. డప్పు, తుడుము, మోరి మగవాళ్ళే వాయిస్తారు. నన్ను మంటకి డప్పు కాయనిస్తారు, బిగువు చూడనిస్తారు, ఆట మొదలయ్యాక కర్ర చేతికివ్వరు. ఎందుకు అని అడిగితే ఎప్పటి నుంచో అంతే అంటారు. ఈ డ్రమ్ముకి ఎప్పటి నుంచో అన్నది ఏమీ లేదు, వచ్చి రెండు నెలలు కాలేదు. దీని ముందు ఎవరు కూర్చోవాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. ఎనిమిది మందిమి నేర్చుకుంటున్నాం, ఎనిమిది మందీ ఆడపిల్లలమే.

వార్డెన్ మేడం గారికి చదువు గంటల్లో చప్పుడు అవుతుందని భయం ఉంది. అది న్యాయమైన భయమే. దానికి జవాబు హెడ్‌ఫోన్. అది పెట్టుకుంటే వాయించేవాళ్ళకి మాత్రమే డ్రమ్ము వినిపిస్తుంది, బయటికి టపటప మాత్రమే. అయితే కిక్ తొక్కిన అదురు నేల గుండా పోతుంది. అందుకని మేడ మీది గదిలో పెడితే కింద పడుకున్నవాళ్ళకి ధబ్ ధబ్ మంటాది. కింద గదిలోనే, గోనె సంచుల మీదే ఉండనివ్వాలని మనవి. సాయంత్రం ఆటల గంటలో తలా పావుగంట చాలు. కరెంటు ఎక్కువ కాలుతుందని కూడా అన్నారు. మాడ్యూల్ అడాప్టరు మీద రాసిన అంకెలు చూసి మాస్టారు లెక్క కట్టారు, మన హాలులో ఒక ఫ్యాను కన్నా తక్కువే.

ఆగస్టు 9న మాత్రం హెడ్‌ఫోన్ తీసి మన ప్రార్థన మైకు సెట్టుకి వైరుతో కలపాలి. కలిపేటప్పుడు రెండు చోట్లా శబ్దం సున్నాకి తిప్పి, కలిపాక మెల్లగా పెంచాలి, లేకపోతే స్పీకరు పేలుతుంది. వైరు లేని బ్లూటూత్ స్పీకరు వద్దు. అందులో శబ్దం ఆలస్యంగా వస్తాది, కర్ర పడ్డాక డ్రమ్ము పలుకుతుంది, ఆడేవాళ్ళ అడుగులు తప్పుతాయి.

వాయించడం అయ్యాక చేయవలసినవి. ముందు శబ్దం సున్నా, తరువాత మాడ్యూల్ స్విచ్చి, తరువాత గోడ స్విచ్చి, చివర అడాప్టరు పీకేయాలి. మన దగ్గర కరెంటు పోయి ఒక్కసారిగా వస్తూ ఉంటాది కాబట్టి ఇది తప్పదు. వేరే అడాప్టరు, దూరినా సరే, పెట్టకూడదు. వైర్లు నేల మీద వదిలేస్తే రాత్రి ఎలుకలు కొరుకుతాయి, స్టాండుకి పైన చుట్టి పెట్టాలి. కొస చీలిన కర్రలతో కొట్టకూడదు, వల చిరుగుతుంది. చీపురు పుల్లలు, వెదురు ముక్కలు అసలు వద్దు. కర్రలు ఖాళీ లేనివాళ్ళు తలగడ మీద చేతులతో ఎనిమిది లెక్క నేర్చుకోవచ్చు, నేను అలాగే నేర్చుకున్నాను.

స్టాండు కాళ్ళు ఎక్కడ ఉండాలో జంపఖానా మీద రంగు దారంతో కుట్టి గుర్తులు పెట్టాను. అంకెలన్నీ ఒక నోటు పుస్తకంలో ప్యాడు వారీగా రాసి, ఎవరి ఎత్తుకి స్టూలు ఎంత ఉండాలో కూడా రాశాను. అట్ట మీద "డ్రమ్ము" అని ఉంటాది. లైబ్రరీలో సైన్సు బీరువా రెండో అరలో ఉంది. అంకె మార్చినవాళ్ళు పాతది కొట్టేసి కొత్తది, తేదీతో సహా, అందులో రాయగలరు.

- 9వ తరగతి విద్యార్థిని